లెక్కల పేపరు – బడి విడిచే సర్టిఫికెట్టు



మన సరిహద్దు పల్లెల్లో పెద్దవాళ్ళు పదో తరగతి అనరు, ‘ఎస్సెల్సీ’ అంటారు. సత్యవేడులో అడిగినా, తిరుత్తణిలో అడిగినా ఆ మాటే వినిపిస్తుంది. చెన్నపట్నం రాజధానిగా ఉన్న పాత మద్రాసు రాష్ట్రంలో 1910ల మొదట్లో వచ్చిన పరీక్ష అది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడేదాకా బెజవాడ పిల్లవాడూ మధుర పిల్లవాడూ రాసింది ఆ పరీక్షే. ఆంధ్రలో తర్వాత పేరు మారి ఎస్సెస్సీ అయింది. తమిళనాడులో మాత్రం ఇవాళ్టికీ ఎస్సెల్సీయే. ఆ పేరులో ఒక మాట ఉంది, దాన్ని మనం పెద్దగా పట్టించుకోం. ‘లీవింగ్’ అనే మాట. సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్. అంటే బడి విడిచి వెళ్ళే పిల్లల చేతికి ఇచ్చే యోగ్యతాపత్రం.

ఈనాటి ప్రసంగంలో నేను మీ ముందు పెట్టదలచుకున్న విషయం ఆ మాటతోనే ముడిపడి ఉంది. బడి విడిచి బతుకులోకి నడిచే పిల్లవాడికి ఏ లెక్కలు కావాలో ఆ లెక్కలు ఈ పరీక్షలో అడుగుతున్నామా? అడగనప్పుడు, లెక్కల పేపరు పేరు చెప్పి ఆ పిల్లవాణ్ణి గడప దగ్గర ఆపేయడం ఎంతవరకు సబబు?

ముందు నిబంధన ఏమిటో చెప్పుకుందాం. తమిళనాడు పదో తరగతిలో ఐదు సబ్జెక్టులు. ఒక్కొక్కటీ 100 మార్కులు. ఒక్కొక్క దాంట్లోనూ విడిగా 35 రావాలి. నాలుగింటిలో తొంభైలు తెచ్చుకున్నా లెక్కల్లో 30 వచ్చిందంటే ఆ పిల్ల పాస్ కాలేదనే అర్థం. ఆంధ్రలోనూ లెక్కలకు 35 మార్కులే. అయితే అక్కడ ఒక తమాషా ఉంది. ద్వితీయ భాషగా హిందీ తీసుకున్నవాళ్ళకు అందులో 20 వస్తే చాలు. ఎందుకంటే, ఆ భాష పిల్లల ఇళ్ళలో లేదు, కష్టమవుతుందని ఎవరో పెద్దలు ఆలోచించి గడప కాస్త తగ్గించారు. మంచి పనే చేశారు. కానీ దాన్నిబట్టి మనకు తెలిసేదేమిటంటే, ఈ 35 అనేది బ్రహ్మ రాసిన రాత కాదు. మనుషులు కూర్చుని వేసిన గీత.

ఇంకొక సంగతి కూడా గుర్తు చేసుకోండి. కోవిడ్ వచ్చిన 2020లో, మళ్ళీ 2021లో, తమిళనాడులోనూ ఆంధ్రలోనూ పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. ఆ రెండేళ్ళ పిల్లలందరూ లెక్కల పబ్లిక్ పేపరు రాయకుండానే పాసయ్యారు. వాళ్ళ సర్టిఫికెట్టు ఏ కౌంటరు దగ్గర పెట్టినా మిగతావాళ్ళ సర్టిఫికెట్టులాగే చెల్లుతోంది.

ఈ గడప అవతల ఏమున్నాయో ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు నేను వేరే చెప్పనక్కరలేదు. పదకొండో తరగతి, పాలిటెక్నిక్, ప్రభుత్వంలో గ్రూప్ ఫోర్ ఉద్యోగాల పరీక్ష. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో చదివి పైచదువుకు వెళ్ళే ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చే పథకం 2022లో వచ్చింది. ఆ వెయ్యి రూపాయలు అందాలన్నా ముందు ఈ గడప దాటాలి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, పాస్‌పోర్టు సంగతి. పదో తరగతి పాస్ కానివాళ్ళకు, ఇంకే మినహాయింపూ వర్తించకపోతే, ‘ఈసీఆర్’ ముద్ర ఉన్న పాస్‌పోర్టు వస్తుంది. అంటే గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్ళాలంటే ప్రభుత్వం దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి. కడప, చిత్తూరు వైపు నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళను అడగండి, ఆ ముద్ర ఉంటే ఏజెంట్ల చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో చెబుతారు. వర్గ సమీకరణం సాధించలేకపోయిన కుర్రాడికీ, కువైట్‌లో కారు నడపడానికి పోయే అతని అనుమతి పత్రానికీ ఉన్న సంబంధం ఇది.

అన్ని సబ్జెక్టుల్లోనూ విడివిడిగా పాస్ కావాలన్న ఈ పద్ధతి మన చెన్నపట్నంలో ఎవరిని ఆపిందో మీకు తెలుసు. శ్రీనివాస రామానుజన్ గారు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి ఎఫ్.ఏ. పరీక్ష రాసి తప్పారు, మళ్ళీ 1907లో రాసి మళ్ళీ తప్పారు. లెక్కల్లో కాదు, మిగతా వాటిలో. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరారు. ఆరేళ్ళకు, 1918లో, లండన్ రాయల్ సొసైటీ ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకుంది. ఇది మహానుభావుడి కథ గనక అందరం చెప్పుకుంటాం. లెక్కలొక్కటే రాక, మిగతా నాలుగూ వచ్చిన పిల్లల కథ ఎవరూ చెప్పరు. వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఇక పేపరు దగ్గరికి వద్దాం. తమిళనాడు పదో తరగతి లెక్కల పుస్తకంలో ఎనిమిది అధ్యాయాలు. సంబంధాలు–ప్రమేయాలు, సంఖ్యలు–శ్రేఢులు, బీజగణితం, రేఖాగణితం, నిరూపక రేఖాగణితం, త్రికోణమితి, క్షేత్రమితి, చివరగా సాంఖ్యకశాస్త్రం–సంభావ్యత. ప్రశ్నపత్రంలో నాలుగు భాగాలు. ఒక మార్కు ప్రశ్నలు 14, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించేవి. రెండు మార్కుల ప్రశ్నలు 10 రాయాలి. ఐదు మార్కులవి 10 రాయాలి. ఆఖర్న ఎనిమిది మార్కుల ప్రశ్నలు రెండు, ఒకటి కంపాసుతో గీసే రేఖాగణిత నిర్మాణం, ఇంకొకటి గ్రాఫు. పద్నాలుగు, ఇరవై, యాభై, పదహారు. మొత్తం నూరు.

వెనకబడిన పిల్లలకు లెక్కలు చెప్పే ఉపాధ్యాయులం ఈ నూరును ఇంకో రకంగా చదువుతాం. గ్రాఫు ఎనిమిది, నిర్మాణం ఎనిమిది, వెరసి 16. ఒక మార్కు ప్రశ్నలు ఎక్కువగా పాఠాల వెనక ఉన్నవే వస్తాయి, వాటిని బట్టీ పట్టిస్తే పదో పన్నెండో దక్కుతాయి. అసలేమీ చదవకుండా కళ్ళు మూసుకుని గుర్తులు పెట్టినా పద్నాలుగింట నాలుగో వంతు, సగటున మూడున్నర, ఎటూ వస్తాయి లెండి. అక్కడికి ఇరవై ఆరో, ఇరవై ఎనిమిదో అయింది. ఇక రెండు మార్కులవి మూడూ, ఐదు మార్కుల ప్రశ్న ఒకటీ గట్టిగా నేర్పితే పిల్లవాడు గట్టెక్కుతాడు. జనవరి నెల నుంచి చాలా బడుల్లో సాయంకాలం జరిగే ప్రత్యేక తరగతులు ఈ దారినే నడుస్తాయి. వృత్తానికి బయటి బిందువు నుంచి స్పర్శరేఖలు గీయడం పాతికసార్లు గీయిస్తాం. ఎందుకు గీస్తున్నామని పిల్లలు అడగరు, మేమూ చెప్పం. చేతికి అలవాటైతే చాలు.

నేను ఈ దారిని తప్పుపట్టడం లేదు. గట్టున నిలబడి ఈతకొట్టే పద్ధతుల గురించి ఉపన్యాసం ఇవ్వడం కన్నా మునిగేవాడికి తాడు విసరడం మంచిది. కానీ ఆ తాడును పట్టుకుని పైకి వచ్చిన పిల్లవాడికి లెక్కలు వచ్చినట్టు ప్రభుత్వం ముద్ర వేస్తోంది. అతనికి వచ్చింది రెండు బొమ్మలు. ఆ పక్క బెంచీలో, కొట్లో తండ్రి పక్కన కూర్చుని చిల్లర లెక్క క్షణంలో చెప్పగలిగిన పిల్లవాడు, గ్రాఫు తప్పు గీసి 29 తెచ్చుకుని ఫెయిలయ్యాడనుకోండి. ఇద్దరిలో ఎవరికి లెక్కలు వచ్చినట్టు?

బడి విడిచే పిల్లవాడికి కావలసిన లెక్క ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. కాగితం, పెన్సిలు దగ్గరుంటే తీసుకోండి.

మన సరిహద్దు ఊళ్ళలో రోజువారీ వసూలు అప్పు ఉంది. తమిళంలో ‘దండల్’ అంటారు. పదివేలు అప్పు అంటారు. ముందే 1,500 వడ్డీ పట్టుకుని చేతికి 8,500 ఇస్తారు. రోజుకు 100 రూపాయల చొప్పున 100 రోజులు కట్టాలి. వినడానికి ఎంత సులువుగా ఉంది! నూరు రోజులు, రోజుకు నూరు, పదివేలు తీరిపోయింది. వడ్డీ 1,500, అంటే పదివేలకు నూటికి పదిహేను అనుకుంటాడు అప్పు తీసుకున్నవాడు. మొదటి తప్పు అక్కడే. అతని చేతికి వచ్చింది పదివేలు కాదు, 8,500. రెండో తప్పు ఇంకా పెద్దది. ఆ 8,500 నూరు రోజులపాటు అతని దగ్గర లేదు. రెండో రోజు నుంచే తరిగిపోతోంది. యాభయ్యో రోజుకు సగం తిరిగి వెళ్ళిపోయింది, నూరో రోజుకు సున్నా. సగటు తీస్తే అతను వాడుకున్న సొమ్ము 4,250 రూపాయలు. దాని మీద నూరు రోజులకు 1,500 వడ్డీ. అంటే నూటికి 35. అది నూరు రోజులకే. ఏడాదికి లెక్క కట్టండి. 365 రోజులంటే నూరు రోజులు మూడున్నర సార్లకు పైనే, కచ్చితంగా 3.65 సార్లు. వెరసి నూటికి ఏడాదికి దాదాపు 129 రూపాయల వడ్డీ!

బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చే అప్పుతో దీన్ని పోల్చుకోవడానికి కావలసిన గణితం ఎంత? భాగహారం, శాతం, సగటు. ఇంతే. ఇందులో త్రికోణమితి లేదు, ప్రమేయాలు లేవు. ఇది పదో తరగతి పేపరులో రాదు. చక్రవడ్డీ ఎనిమిదో తరగతి పుస్తకంలో ఒకసారి కనిపించి వెళ్ళిపోతుంది. ఎస్సెల్సీ పేపరు రాసేనాటికి ఆ పాఠం చదివి రెండేళ్ళయి ఉంటుంది, అది పరీక్షకు రాదని తెలిసి పిల్లలూ మేమూ కూడా మరిచిపోయి ఉంటాం.

బడి విడిచేవాళ్ళ కోసం పుట్టిన పరీక్ష, పై తరగతిలో లెక్కలు తీసుకోబోయే పిల్లల వడపోతగా మారిపోయింది. పేరు ఒకరిది, పేపరు ఇంకొకరిది. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్ళబోయే అబ్బాయినీ, ఇంజినీరింగులో చేరబోయే అబ్బాయినీ ఒకే ప్రశ్నపత్రంతో కొలుస్తున్నాం. ఆ కొలత ఇంజినీరింగు అబ్బాయికి చాలదు, ఫ్యాక్టరీ అబ్బాయికి నప్పదు.

అసలీ తప్పడం పదో తరగతిలో మొదలు కాదని లెక్కలు చెప్పేవాళ్ళందరికీ తెలుసు. మూడో తరగతిలో అప్పు తెచ్చే తీసివేత దగ్గర మొదలవుతుంది. ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ ఆపకూడదన్న నియమం పుణ్యాన పిల్లవాడు పైకి వస్తూనే ఉంటాడు. ఆ నియమం తీసేయాలని నేను అనను. మూడో తరగతి పిల్లను అదే తరగతిలో మళ్ళీ కూర్చోబెడితే తీసివేత రాదు, సిగ్గు వస్తుంది. కానీ ఆపకపోవడమంటే పట్టించుకోకపోవడం కాదు గదా! దేశం మొత్తం మీద పల్లెటూళ్ళలో జరిగే ‘అసర్’ సర్వేలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక చిన్న భాగహారం ఇస్తారు, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. 2022లోనూ, 2024లోనూ సగం మంది కూడా చేయలేకపోయారు. ఆ పిల్లలకు రెండేళ్ళ తర్వాత మనం వర్గ సమీకరణాల మూలాల స్వభావం అడుగుతున్నాం.

మన సరిహద్దు పిల్లలకు ఇంకో చిక్కు ఉంది, భాష. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిసింది, బదులుగా కొన్ని గ్రామాలు ఇటు నుంచి ఆంధ్రకు వెళ్ళాయి. గీత మారింది, ఇళ్ళలో మాట మారలేదు. పళ్ళిపట్టు, గుడియాత్తం, హోసూరు వైపు ఇప్పటికీ తెలుగిళ్ళు ఎన్నో. ఐదో తరగతి దాకా తెలుగులో లెక్కలు నేర్చుకున్న పిల్ల, పై బడి దూరమైతే ఆరో తరగతిలో తమిళ మాధ్యమానికో ఇంగ్లీషు మాధ్యమానికో మారుతుంది. కూడిక కాస్తా ‘కూట్టల్’ అయింది, తీసివేత ‘కళిత్తల్’, భాగహారం ‘వగుత్తల్’. త్రిభుజం ‘ముక్కోణం’ అయితే అర్థమవుతుంది, వృత్తం ‘వట్టం’ అయితే నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. స్పర్శరేఖ ‘తొడుకోడు’ అయింది. నిజానికి ఆ మాట మన సంస్కృత పదం కన్నా తేలిక, తాకే గీత అని అందులోనే ఉంది. సంభావ్యతను తమిళంలో ‘నిగళ్‌తగవు’ అంటారు. తెలుగు పిల్ల చెవికి అందులో తగవు ఒక్కటే వినిపిస్తుంది. ఎవరితో తగవని నవ్వుకుంటారు. నవ్వు పోయాక మిగిలేది భయం.

ఇక్కడ తల్లిదండ్రులకూ, తోటి ఉపాధ్యాయులకూ ఒక మాట. లెక్క తెలియకపోవడం వేరు, లెక్క పేరు తెలియకపోవడం వేరు. తెలుగులో ఏడెనిమిదులు యాభై ఆరని తడుముకోకుండా చెప్పే పిల్ల, తమిళంలో అడిగితే నోరు మెదపకపోవచ్చు. ఆ పిల్లకు లెక్కలు రావని తేల్చేయకండి. రెండు భాషల మాటలూ పక్కపక్కన రాసిన చిన్న పట్టిక ఆరో తరగతిలోనే నోటు పుస్తకం అట్ట లోపల అంటించండి. యాభై మాటలుంటే చాలు. రెండు భాషలకూ ఉమ్మడిగా ఉన్న మాటలు కూడా తక్కువేం కాదు. సగటును తమిళంలో ‘సరాసరి’ అంటారు, మన పెద్దలూ సరాసరి అనే అనేవారు. భిన్నం అటు ‘పిన్నం’. వీసం అంటే రెండువైపులా పదహారో వంతే. మనది లెక్కలు కొత్తగా నేర్చుకుంటున్న భాషేమీ కాదు. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన దాదాపు 900 ఏళ్ళ కిందటే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ సంస్కృత మూలాన్ని ఇంగ్లీషు అనువాదంతో 1912లో అచ్చుకు తెచ్చింది మన చెన్నపట్నంలోనే, ప్రొఫెసర్ ఎం. రంగాచార్య గారు. ఎక్కాలు పిల్లలకు ఏ భాషలో వస్తే ఆ భాషలోనే చెప్పుకోనివ్వండి. జవాబు అంకెల్లోనే గదా రాసేది!

ఇక దారి ఏమిటి? లెక్కలను ఐచ్ఛికం చేసేయమంటారు కొందరు. దానికి నేను ఒప్పుకోను. ఐచ్ఛికం చేసిన మరునాడే లెక్కల టీచరు ఖాళీ నింపరు, పేద బడిలో ఆ సబ్జెక్టే ఎత్తిపోతుంది. అప్పుడు దండల్ లెక్క ఎవరు నేర్పుతారు? పోనీ పాస్ మార్కు తగ్గిస్తే? 35 స్థానంలో 20 పెడితే పాసయ్యేవాళ్ళు పెరుగుతారు, ఆ ఇరవై కూడా రెండు బొమ్మల మీదే వస్తాయి. పేపరు మారకుండా గీత ఒక్కటి జరిపితే ఒరిగేది కొంచెమే.

వయసు మళ్ళిన శ్రోతలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, ఒకప్పుడు జనరల్ లెక్కలు, కాంపోజిట్ లెక్కలు అని రెండు రకాలుండేవి. పైన సైన్సు చదివేవాళ్ళకు కాంపోజిట్, మిగతావాళ్ళకు జనరల్. ఆలోచన మంచిదే, ఆచరణలో ఒక దోషం ఉండేది. జనరల్ లెక్కలంటే తెలివితక్కువవాళ్ళ లెక్కలని పేరుపడింది. పదమూడేళ్ళకే పిల్లవాణ్ణి ఏ గదిలో కూర్చోబెట్టాలో బడి తేల్చేసేది. ఇవాళ మళ్ళీ అలా రెండు గదులు చేస్తే రెండో గదిలో ఎవరుంటారో ఊహించడం కష్టం కాదు. ఆడపిల్లలు, కూలివాళ్ళ పిల్లలు, భాష మారి తడబడుతున్న మన పిల్లలు.

కేంద్ర బోర్డు, అంటే సీబీఎస్ఈ, 2020 పరీక్షల నుంచి ఇంకో పద్ధతి పెట్టింది. పుస్తకం ఒకటే, తరగతి గది ఒకటే, చెప్పే పాఠం ఒకటే. ప్రశ్నపత్రాలు మాత్రం రెండు. ఒకటి స్టాండర్డ్, ఒకటి బేసిక్. పరీక్షకు పేరు నమోదు చేసుకునేటప్పుడు పిల్లలే ఎంచుకోవచ్చు. పైన లెక్కలు చదవదలచుకున్నవాళ్ళు స్టాండర్డ్ రాస్తారు. బేసిక్ పాసై తర్వాత మనసు మార్చుకుంటే స్టాండర్డ్ పేపరు రాసే వీలూ పెట్టారు. అంతేకాదు, ఆరో సబ్జెక్టుగా ఒక వృత్తి నైపుణ్యం తీసుకుని పాసైతే, లెక్కలు, సైన్సు, సోషల్‌లో ఏదో ఒకటి తప్పినా ఆ నైపుణ్యాన్ని దాని స్థానంలో లెక్కవేస్తారు. మన రాష్ట్ర బోర్డు పేపరులో ఇలాంటి ఏర్పాటు లేదు. నా మట్టుకు నాకు గదులు రెండు చేయకుండా పేపర్లు రెండు చేయడం నచ్చింది. అయితే ఆ రెండో పేపరు, మొదటి పేపరులోని తేలిక ప్రశ్నల మూట కాకూడదు. వడ్డీ, శాతం, కొలతలు, వైశాల్యం, కరెంటు బిల్లు చదవడం, పేపర్లో వచ్చే గ్రాఫును అర్థం చేసుకోవడం, ఇవి గట్టిగా అడగాలి. బడి విడిచేవాళ్ళ పేపరు సులువుగా కాదు, వాళ్ళకు పనికివచ్చేదిగా ఉండాలి.

ఈ తర్జనభర్జన మన దగ్గరే కాదు. మనవాళ్ళు ఎందరో స్థిరపడిన కాలిఫోర్నియాలో, 2006లో హైస్కూలు పూర్తిచేసే తరగతి నుంచి ఇంగ్లీషు, లెక్కల్లో ఒక పరీక్ష పాసైతేనే పట్టా ఇచ్చేవారు. 2015లో ఆ పరీక్షను ఆపేశారు. అంతకుముందు ఆ పరీక్ష ఒక్కటే తప్పి ఆగిపోయినవాళ్ళకు కూడా పట్టాలివ్వమని చట్టం చేశారు. మసాచుసెట్స్ రాష్ట్రంలో పదో తరగతి పరీక్ష పాసైతేనే పట్టా అన్న నియమాన్ని 2024 నవంబరులో ప్రజలే ఓటు వేసి తీసేశారు. వాళ్ళు చేసింది మనమూ చేయాలని కాదు. పరీక్ష తీసేశాక లెక్కలు నేర్పే బాధ్యత ఎవరిమీద పెట్టారన్నది వాళ్ళ ముందున్న ప్రశ్న.

పద్ధతి ఎప్పుడు మారుతుందో గానీ, ఈ ఏడాది పరీక్ష రాసే పిల్లలు ఈ ఏడాదే రాస్తారు. అందుకని ఆ ఇళ్ళవాళ్ళకు కొన్ని సంగతులు.

లెక్కల్లో తప్పినంత మాత్రాన ఏడాదంతా పోయినట్టు కాదు. పాసైన సబ్జెక్టుల మార్కులు అలాగే ఉంటాయి, తప్పిన పేపరు ఒక్కటే మళ్ళీ రాయాలి. తమిళనాడులోనూ, ఆంధ్రలోనూ ఫలితాలు వచ్చిన కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్షలు జరుగుతాయి. అందులో పాసైతే ఆ ఏడాదే పై తరగతిలో చేరవచ్చు. ఇది తెలియక ఫలితాలు వచ్చిన మర్నాడే పిల్లవాణ్ణి పనిలో పెట్టేసేవాళ్ళు, ఆడపిల్లకు సంబంధాలు చూడటం మొదలుపెట్టేవాళ్ళు ఉన్నారు. అబ్బాయి రెండు నెలలు పనిలోకి వెళ్ళి చేతిలో జీతం పడ్డాక మళ్ళీ పుస్తకం పట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

కొందరు పిల్లలకు అంకెలే తికమకగా కనిపిస్తాయి. 17కీ 71కీ తేడా ఎన్నిసార్లు చెప్పినా నిలవదు. మిగతా చదువు బాగానే ఉంటుంది. దాన్ని డిస్కాల్కులియా అంటారు. బద్ధకం కాదది. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీన్ని కూడా గుర్తించింది. నిర్ధారించి సర్టిఫికెట్టు తెచ్చుకుంటే పరీక్షలో అదనపు సమయం వంటి వెసులుబాట్లు అడగవచ్చు. చెన్నైలో 1991 నుంచి మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ ఇలాంటి పిల్లల కోసం పనిచేస్తోంది. దీనికి మార్చిలో పరిగెత్తితే లాభం లేదు, బడి తెరిచిన జూన్‌లోనే ప్రధానోపాధ్యాయుల చెవిన వేయాలి.

రెండు మూడుసార్లు రాసినా లెక్కలు గట్టెక్కనివాళ్ళకు జాతీయ సార్వత్రిక పాఠశాల ఉంది, ఎన్ఐఓఎస్ అంటారు. అక్కడ ఐదు సబ్జెక్టులు పాస్ కావాలి, ఒక భాష తప్పనిసరి, లెక్కలు తప్పనిసరి కాదు. పాత బోర్డులో పాసైన రెండు సబ్జెక్టుల మార్కులు అక్కడికి బదిలీ చేసుకోవచ్చు కూడా. అయితే ఏ ఉద్యోగం కోసం, ఏ కోర్సు కోసం చదువుతున్నారో, ఆ చోట ఆ సర్టిఫికెట్టు చెల్లుతుందో లేదో ముందు కనుక్కుని చేరండి.

బడి దాటిపోయినవాళ్ళకు రెండో తలుపు తెరవడం చెన్నపట్నం తెలుగువాళ్ళకు కొత్త కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు తాను బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా చదివి పాసయ్యారు. ఆ తర్వాత 1937 ప్రాంతంలో మైలాపూరులో చిన్నగా మొదలై ఆంధ్ర మహిళా సభగా పెరిగిన సంస్థలో, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్ళను అదే పరీక్షకు తయారుచేయించారు. తర్వాత కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ద్వారా 1958లో ఆ పద్ధతిని సంక్షిప్త కోర్సుల పేరుతో దేశమంతటికీ తీసుకువెళ్ళారు. పెళ్ళయి, పిల్లలున్న ఆడవాళ్ళు రెండేళ్ళు కూర్చుని చదివి పరీక్ష రాశారు.

కాబట్టి మే నెలలో ఫలితాలు వచ్చినప్పుడు మీ ఇంట్లో పిల్లకు లెక్కల్లో ముప్పయ్యో, ఇరవై ఎనిమిదో వస్తే, ముందు ఆ పిల్లకు అన్నం పెట్టండి. ఆ వారంలోనే బడికి వెళ్ళి మూడు విషయాలు కనుక్కోండి. మార్కులు మళ్ళీ కూడించడానికి దరఖాస్తు ఆఖరు తేదీ ఎప్పుడు, సప్లిమెంటరీ ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడు, ఈ నెలరోజులూ సాయంకాలం లెక్కలు చెప్పేవాళ్ళు ఎవరు. మొదటి రెండు తేదీలూ చాలా దగ్గరగా ఉంటాయి.